మేడ మీద బాడుగకున్న సోమాలీ పిల్లల గొడవ: నేను నీలం కేకు తేవడం తప్పా?

మేడమీద_వాటా (తిరుపతి)

అందరికీ నమస్తే. మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు వైపు. కింద మేముంటాం, మేడ మీద రెండు గదుల వాటా బాడుగకిచ్చాం. పోయిన ఆగస్టు నుంచి అందులో ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలున్నారు, ముగ్గురూ సోమాలీలు. ఇచ్చేముందు వీధిలో వాళ్ళంతా నన్ను బెదరగొట్టారు, సముద్రంలో ఓడలు దోచేవాళ్ళంట కదా, నీకెందుకమ్మా అని. పదకొండు నెలలయింది. ఒకటో తేదీ పొద్దున తొమ్మిది కాకముందే బాడుగ పడిపోతుంది, నీళ్ళ మోటారు వేసి మర్చిపోయిన పాపాన పోలేదు, ముందున్న మన పిల్లల కంటే వెయ్యి రెట్లు నయం. మా అత్త మొదట్లో పైకి చూసేది కూడా కాదు. ఒకరోజు వాళ్ళలో ఒకడు పెరుగన్నంలో అరటిపండు పిసుక్కుని తింటుంటే చూసి 'అయ్యో, వీడు మనోడే' అనేసింది. వాళ్ళకు అన్నంలోకి అరటిపండు లేకపోతే ముద్ద దిగదు. బిర్యానీలోకి కూడా అరటిపండే, అది మాత్రం నేను చూడలేను.

ఇక గొడవ సంగతి. ఒకడిది మొగదిషు, ఒకడిది హర్గేసా, మూడోవాడిది గారిస్సా. గారిస్సా అంటే కెన్యా అంట, పాస్‌పోర్ట్ కూడా కెన్యాదే, అయినా నేను సోమాలీనే ఆంటీ అంటాడు. జూలై 1 వాళ్ళ స్వాతంత్ర్య దినం అని మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. ఊరుగాని ఊళ్ళో ఉన్నారు కదా పాపం అని బేకరీలో చెప్పి కేజీ కేకు చేయించాను, నీలం క్రీము, మధ్యలో తెల్ల నక్షత్రం. ఇది ఏ క్రికెట్ టీముదక్కా అని బేకరీ అబ్బాయి అడిగాడు. పైకి తీసుకుపోతే మొగదిషు అబ్బాయికి కళ్ళు చెమర్చాయి, గారిస్సా వాడు ఫొటోల మీద ఫొటోలు. హర్గేసా అబ్బాయి డబ్బాలోకి ఒకసారి చూసి 'థాంక్యూ ఆంటీ, ఇది నా జెండా కాదు' అని చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు.

ఆ రాత్రి పదకొండు దాటాక పైన ఒకటే అరుపులు. ఫోను స్పీకర్లో పెట్టారు, అమెరికా నుంచి ఎవరో మామ, లండన్ నుంచి ఇంకెవరో పెద్దాయన, అందరూ ఒకేసారి. మా ఆయన లుంగీ సర్దుకుని పైకి పోతే అందరూ గప్‌చిప్, 'సారీ అంకుల్, పాలిటిక్స్' అన్నారంట.

నాకు అర్థం కానిది ఇదే. భాష ఒకటే, మతం ఒకటే, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటారు, మరి దేనికి కొట్లాట? ఎక్కడో లండన్లో కూర్చున్న వాళ్ళకు ఇంత ఆవేశం ఎందుకు? ఆ పిల్లాడికి నేను ఏమని చెప్పాలి? వాటా ఖాళీ చేయించమని మాత్రం చెప్పొద్దు, ఆ సలహా మా వీధిలోనే ఫ్రీగా బోలెడు దొరికింది.

ఎస్వీయూ_గేటు (తిరుపతి)

అక్కా, జెండాల సంగతి తర్వాత, ముందు ఫారం సీ పెట్టారా లేదా? విదేశీయులకు ఇల్లిస్తే 24 గంటల్లో ఆన్‌లైన్లో నింపాలి. మా బాబాయి నింపక స్టేషన్ చుట్టూ తిరిగాడు.

పీలేరు_టు_మినియాపొలిస్

అక్కా, మాది పీలేరు, తొమ్మిదేళ్ళుగా మినియాపొలిస్‌లో ఉన్నాను. అమెరికాలో సోమాలీలు అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఈ చుట్టుపక్కలే, సీడర్ రివర్‌సైడ్ అనే పేటకు లిటిల్ మొగదిషు అనే పేరే పడిపోయింది. నేను మొదట్లో ఉన్న ఇంటి దగ్గర వాళ్ళ టీకొట్టు ఒకటుండేది. ఏలకులు, దాల్చినచెక్క వేసి పాలు పోసి మరిగిస్తారు, షాహ్ అంటారు, చక్కెర మన బస్టాండు టీ కంటే ఎక్కువ. ఇక్కడి చలిలో నాకు అదే దిక్కు. అక్కడ కూర్చుంటే రాజకీయం తప్ప ఇంకోటి చెవిన పడదు. టాక్సీ తోలేవాళ్ళు, రిటైరయిన ఒక మాస్టారు, ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ చేసి వచ్చినవాడు, అందరూ బల్లలు గుద్దుకుంటూ. ఇంక కొట్టుకుంటారు అని నేను లేచి వచ్చేసేవాణ్ణి. పది నిమిషాలకు అద్దంలోంచి చూస్తే ఒకడి టీకి ఇంకొకడు డబ్బులిస్తుంటాడు. దీనికి వాళ్ళలో ఒక మాటే ఉంది, 'ఫధి కు దిరిర్', కూర్చున్న చోటి నుంచే యుద్ధం చేసేవాళ్ళు అని. మన రచ్చబండే, కాస్త ఘాటు ఎక్కువ.

ఇప్పుడు మీ కేకు. ఆ నక్షత్రానికి ఐదు మొనలుంటాయి చూడండి, ఊరికే పెట్టినవి కావు, సోమాలీలు ఉండే ఐదు ముక్కలు. బ్రిటిష్ వాళ్ళ సోమాలీలాండ్ (హర్గేసా ఉండేది ఇందులోనే), ఇటలీ వాళ్ళ సోమాలియా (మొగదిషు ఇందులో), ఫ్రెంచి వాళ్ళ జిబూతి, ఇథియోపియాలో ఒగాడెన్, కెన్యా ఈశాన్య జిల్లాలు. మీ గారిస్సా అబ్బాయి ఆ ఐదో మొన నుంచి వచ్చాడు. 1960 జూన్ 26న హర్గేసా వైపు స్వతంత్రమయింది, ఐదు రోజులకు జూలై 1న మొగదిషు వైపు, ఆ రోజే రెండూ కలిసిపోయాయి. అంటే మొగదిషు వాడికి జూలై 1 రెండు పండగలు ఒకేరోజు వచ్చినట్టు. హర్గేసా వాడికి అది చేతికొచ్చిన స్వతంత్రం ఐదో రోజున తీసుకెళ్ళి ఇంకొకడి చేతిలో పెట్టిన రోజు. నిజం చెప్పాలంటే అప్పట్లో కలుద్దాం కలుద్దాం అని తొందరపడింది ఎక్కువగా ఉత్తరం వాళ్ళే, వీళ్ళ తాతలే. మిగతా మూడు మొనలు ఎప్పటికీ కలవలేదు. జిబూతి 1977లో వేరే దేశమైంది. ఒగాడెన్ కోసం 1977-78లో యుద్ధం చేశారు. అప్పటిదాకా ఆయుధాలిచ్చిన రష్యా వాళ్ళు అవతలి పక్కకు మారారు, క్యూబా సైన్యం దిగింది, ఓడిపోయారు.

దాని తర్వాతే అసలు పాడయింది. 1969లో అధికారం లాక్కున్న సియాద్ బర్రే ఓటమి తర్వాత తనవాళ్ళు ఎవరు, పరాయివాళ్ళు ఎవరు అని లెక్కేయడం మొదలుపెట్టాడు. వాళ్ళ దగ్గర కులాలు కాదు, తెగలు, కబీల్ అంటారు. ఉత్తరంలో ఎక్కువగా ఉండేది ఇసాక్ తెగ. వాళ్ళు తిరగబడితే 1988లో హర్గేసా మీద విమానాలతో బాంబులు వేయించాడు. ఆ విమానాలు లేచింది ఎక్కడి నుంచో తెలుసా, హర్గేసా ఎయిర్‌పోర్టు నుంచే. సొంత ఊరి రన్‌వే మీద లేచి ఆ ఊరినే కూల్చి మళ్ళీ అక్కడే దిగేవి. కూలిన ఒక మిగ్ విమానాన్ని ఊరి నడిబొడ్డున దిమ్మె మీద నిలబెట్టుకున్నారు ఇప్పటికీ. 1991 జనవరిలో బర్రే పారిపోయాడు, మే 18న సోమాలీలాండ్ మేం వేరు అని ప్రకటించుకుంది. సొంత నోట్లు, సొంత పోలీసులు, సొంత ఎన్నికలు ఉన్నాయి. 2001లో ఓటింగ్ పెడితే 97 శాతం విడిపోదామన్నారు. కానీ మనతో సహా ప్రపంచం ఇంచుమించు అంతా సోమాలియా ఒకటే అనే లెక్కలో ఉంది.

అందుకని కేకు తప్పు కాదు అక్కా, డేటు తప్పు.

లండన్ పెద్దాయనకు ఎందుకంత ఆవేశం అన్నారు కదా, డబ్బు అక్కడి నుంచి పోతుంది కాబట్టి. బయట ఉన్న సోమాలీలు ఇంటికి పంపేది ఏటా వంద కోట్ల డాలర్ల పైనే. అక్కడ పిల్లాడి ఫీజు, అమ్మమ్మ మందులు, కరువొస్తే నీళ్ళ ట్యాంకరు, అన్నీ వీళ్ళవే. తెగలో ఎవడైనా ఎవడినైనా చంపితే కట్టాల్సిన పరిహారంలో కూడా వీళ్ళకు వాటా పడుతుంది, పూర్వం లెక్క వంద ఒంటెలు. మినియాపొలిస్‌లో టాక్సీ తోలుకునేవాడికి తాను చూడని ఊళ్ళో, పేరైనా తెలియని మనిషి చేసిన హత్యకు చందా! డబ్బిచ్చేవాడికి మాట చెల్లాలని ఉంటుంది కదా. పైగా 1991లో పారిపోయి వచ్చినవాడికి ఊరు 1991లోనే ఆగిపోయి ఉంటుంది. అక్కడే ఉన్నవాడు 'సర్లే మామా, పొద్దునైతే కొట్టు తెరవాలి' అనుకుంటాడు, వీళ్ళకు అలా ఉండదు. మనవాళ్ళను చూడండి, ఇక్కడ తెలుగు సంఘాలు ఎన్నున్నాయో, ఏ సంఘం ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. అలా కూర్చుని వాదించేవాళ్ళు ఒక్కోసారి నిజంగానే గద్దెనెక్కుతారు. ఫర్మాజో అని 2017లో సోమాలియా ప్రెసిడెంట్ అయ్యాడు, అంతకుముందు న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో అనే ఊళ్ళో రవాణా శాఖలో గుమాస్తా తరహా ఉద్యోగం చేసుకునేవాడు. ఫర్మాజో అంటే ఇటాలియన్‌లో చీజు, వాళ్ళ నాన్నకు అదంటే ఇష్టమని ఆ పేరు పడిందంట. గద్దె మీద ఉండగానే 2019లో అమెరికా పౌరసత్వం వదిలేశాడు. మా టీకొట్టులో నెలరోజులు అదే చర్చ, సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది పిచ్చోడన్నారు.

నగరి_మగ్గం

నేను హర్గేసా అబ్బాయిదే మొండితనం అంటాను. కోపం తెచ్చుకోకండి. మా తాత తిరుత్తణిలో పుట్టినప్పుడు అది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. అదే ఏడు సోమాలీలు కలిశారన్నమాట, మేము విడిపోయిన ఏడు. మా చిన్నత్త వాళ్ళు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, పిల్లలు చదివేది తమిళం, ఆడికృత్తికకు మేమంతా కావడి పట్టుకుని అక్కడికే పోతాం. గీత గీసినవాడు ఎక్కడో ఆఫీసులో కూర్చుని గీశాడు, అంతమాత్రాన మనుషులు వేరైపోతారా? సోమాలీలకు ఇంకా ఘోరం, హౌద్ అని ఉత్తరం వాళ్ళ ఒంటెలు మేసే బీడు భూములుంటే బ్రిటిష్ వాళ్ళు 1954లో ఇథియోపియాకు అప్పజెప్పేశారు. పశువులకు గీత ఏం తెలుసు, వానపడిన వైపుకు పోతాయి. అంత నష్టపోయినవాళ్ళు మళ్ళీ ఇంకో గీత గీసుకుంటామంటే ఏమనాలి? మనకూ 1956లో పెద్దమనుషుల ఒప్పందం, తర్వాత మనస్పర్థలు, 2014లో విడిపోయాం, విడిపోయి బావుకున్నది ఏంది? మా రాయలసీమ వాళ్ళు 1937 శ్రీబాగ్ ఒప్పందం నుంచి అడుగుతూనే ఉన్నారు, అడిగినవి వచ్చాయా? అయినా కలిసే ఉన్నాం కదా.

కుప్పం_లాస్ట్‌బస్

@నగరి_మగ్గం అన్నా, పోలిక పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. మనకు ఉద్యోగాల్లో, నీళ్ళలో అన్యాయం జరిగిందని కోపం. అది నిజమే, నేనూ సీమవాణ్ణే. కానీ మన రాజధాని నుంచి విమానం వచ్చి మన ఊరి సంత మీద బాంబు వేయలేదు. వాళ్ళకు వేశారు. కలిసుందాం అనే మాట ఎవరు ఎవరికి చెప్పొచ్చు అనేదొకటి ఉంటుంది కదా. దెబ్బ తిన్నవాడు అనాలి, లేదంటే కొట్టినవాడు ముందు క్షమాపణ అడిగి అప్పుడు అనాలి.

నగరి_మగ్గం

సరే, ఆ పాయింట్ ఒప్పుకుంటా. కానీ కొట్టింది మొగదిషు పిల్లాడు కాదు కదా, వాడు అప్పటికి పుట్టనే లేదు. వాడి ఊరు 1991 తర్వాత కొట్టుకు చచ్చినంత ఏ ఊరూ చావలేదు. 2017 అక్టోబర్‌లో ఒక్క లారీ బాంబుకు 500 మందికి పైగా పోయారు. వాడికి మిగిలింది ఆ నీలం గుడ్డ ఒక్కటే.

పీలేరు_టు_మినియాపొలిస్

ఇద్దరూ రైటే, అందుకే మా టీకొట్టు మూతపడదు. ఇంకో మెలిక కూడా ఉంది. సోమాలీలాండ్ తూర్పు వైపు లాస్ అనోద్ అనే ఊరుంది, అక్కడి తెగ వేరు. మేం మీతో విడిపోం, మాకు మొగదిషుతో కలిసున్న సోమాలియానే కావాలి అని వాళ్ళు 2023లో తిరగబడ్డారు, నెలల తరబడి యుద్ధం జరిగి సోమాలీలాండ్ సైన్యం అక్కడి నుంచి వెనక్కి పోవాల్సి వచ్చింది. విడిపోయిన వాళ్ళ నుంచి విడిపోతామనేవాళ్ళు. ఆ ఏడాది మా దగ్గర ఒకే మసీదులో పక్కపక్కన నిలబడి నమాజు చేసి బయటికొచ్చి పార్కింగ్‌లో ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోని వాళ్ళను నా కళ్ళతో చూశాను.

మదనపల్లె_టమోటామండీ

మతం ఒకటే కదా అన్నారు అక్క. అది చదివి నవ్వొచ్చింది, తప్పుగా అనుకోవద్దు. మాది మదనపల్లె, ఇంట్లో ఉర్దూ, మండీలో తెలుగు. మా జేజినాయన ఏటా కడప పెద్ద దర్గా ఉరుసుకు పోకుండా ఉండేవాడు కాదు, చక్కెర ఫాతిహా చేయించి వీధంతా పంచేవాడు. మా అన్న పన్నెండేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చి అదంతా షిర్క్, అంటే అల్లాకు ఇంకొకరిని సాటి పెట్టడం, చేయకూడదు అన్నాడు. ఆ ఏడు ఉరుసుకు జేజినాయన ఒక్కడే బస్సెక్కి పోయాడు. ఇద్దరూ ఐదు పూటలా నమాజు చేసేవాళ్ళే, ఒకటే ఇల్లు, ఒకటే మతం, ఆర్నెల్లు మాటల్లేవు.

కువైట్‌లో నేను కూడా నాలుగేళ్ళు చేశాను, మా క్యాంపులో ఒక సోమాలీ పెద్దాయన, వంటమాస్టరు. ఆయన చెప్పిందే నేను చెప్తున్నా. సోమాలీలంతా సున్నీలే, షాఫీ పద్ధతి. తరతరాలుగా సూఫీ మార్గం, ఖాదిరియా, సాలిహియా ఇలా. ఔలియాలు అంటే సూఫీ పుణ్యపురుషులు, వాళ్ళ సమాధుల దగ్గర జియారత్, అంటే దర్శనం, ప్రవక్త పుట్టుకను పొగిడే మౌలూద్ పాటలు. అప్పుడూ కొట్లాటలున్నాయి, బ్రిటిష్ వాళ్ళ మీద ఇరవై ఏళ్ళు యుద్ధం చేసిన సయ్యద్ మహమ్మద్ సాలిహియా మనిషి, ఆయన అనుచరులు 1909లో ఖాదిరియా పెద్ద షేక్ ఉవైస్‌ను చంపేశారు. తర్వాత మనలాగే వాళ్ళూ పనికి గల్ఫ్ పోయారు, 70లు, 80ల నుంచి సలఫీ పద్ధతి, అంటే దర్గాలు, ఉరుసులు కూడదనే పద్ధతి, ఇళ్ళలోకి వచ్చింది. సియాద్ బర్రే ఒకవైపు సోషలిజం అన్నాడు, 1975లో ఆడవాళ్ళకు ఆస్తిలో సమాన వాటా చట్టం తెస్తే మసీదులో తప్పన్న పదిమంది మత పెద్దలను కాల్చి చంపించాడు. చట్టం మంచిదే కావచ్చు, పదిమందిని చంపి నిలబెడితే అది ఎవరి గుండెల్లో నిలుస్తుంది? ఆ పదిమంది పేరు చెప్పే ఆ తర్వాత కుర్రాళ్ళను పోగేశారు అనేవాడు ఆయన.

2006లో ఇస్లామిక్ కోర్టులు అని షరియత్ న్యాయస్థానాలన్నీ కలిసి లేచాయి, మొగదిషులో పదిహేనేళ్ళుగా వీధివీధికీ ఒక తుపాకి దొరలా పంచుకున్నవాళ్ళను తరిమేశాయి, ఓడరేవు తెరిచాయి. బయట ఉన్న చాలామంది సంబరపడ్డారంట, తెగలు చేయలేని పని మతం చేసింది అని. ఆరు నెలలు అయ్యాయో లేదో, డిసెంబర్‌లో ఇథియోపియా సైన్యం వచ్చింది. అందులోంచి అల్ షబాబ్ అనే తీవ్రవాద ముఠా బలపడింది, సూఫీ సమాధులను తవ్వి పారేసింది, 2008 నుంచి సూఫీలే తుపాకులు పట్టుకుని ఎదురు తిరిగారు. మౌలూద్ పాడుకునేవాళ్ళు తుపాకి పట్టారు, ఆలోచించండి.

ఆ వంటమాస్టరు పర్సులో వాళ్ళమ్మ ఫొటో ఉండేది. గుంతీనో అంటారు, భుజం మీద ముడేసి నడుముకు చుట్టుకునే చీర లాంటిది, తలమీద పలచటి గుడ్డ, ఒక భుజం కనిపిస్తుంది. లండన్లో పుట్టిన మనవరాలు ఒళ్ళంతా కప్పే పొడుగు జిల్బాబ్ వేసుకుని ఆ ఫొటో చూసి, మీ అమ్మకు దీన్, అంటే మతధర్మం, తెలియదా తాతా అని అడిగిందంట. అమ్మ రంజాన్‌కు ఒక్క ఉపవాసం వదల్లేదమ్మా అని చెప్పి ఫోన్ పెట్టేశాడు, ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాడు.

పాకాల_జంక్షన్

అందరూ చాలా బాగా రాశారు, ఒక్కరూ మాట్లాడని సంగతి నేను అడుగుతా. తెగలు అని పీలేరన్న తేలిగ్గా చెప్పేశాడు, 'కులాలు కాదు' అని కూడా అన్నాడు. వాళ్ళ పార్లమెంటు సీట్లు ఎట్లా పంచుకుంటారో చెప్పలేదే? 2000లో జిబూతిలోని ఆర్తా అనే చోట సమావేశం పెట్టుకుని ఒక సూత్రం రాసుకున్నారు, నాలుగున్నర. దారోద్, హావియె, దిర్, దిగిల్ మిరిఫ్లె, నాలుగు పెద్ద తెగలకు తలా ఒక వాటా, మిగతా అందరికీ కలిపి అర. నాకు ఆ అరనే కనిపిస్తుంది. ఎవరా అరలో ఉన్నోళ్ళు? 19వ శతాబ్దంలో టాంజానియా, మొజాంబిక్ వైపు నుంచి బానిసలుగా తెచ్చిన బంటూల పిల్లలు, వాళ్ళ జుట్టును బట్టి ఒక పేరు పెట్టి పిలుస్తారు, ఇక్కడ రాయను. ఇంకా మధిబాన్, తుమాల్, యిబిర్ అని తోలుపని, కమ్మరిపని, జుట్టు కత్తిరించే పని చేసేవాళ్ళు, వాళ్ళతో పెళ్ళి సంబంధం కలుపుకోరు. తోలుపని చేసేవాడింటికి పిల్లనివ్వరు అంటే అది తెగా, కులమా అన్నా? నాకైతే మా పెద్దనాయన ఇంటి కథలాగే ఉంది.

2018లో మొగదిషులో ఒక బంటూ అతన్ని తగలబెట్టి చంపారు, తప్పేమంటే అతని మేనల్లుడు పెద్ద తెగ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు బయటిదేశాల సోమాలీ పిల్లలే ఎక్కువ గొంతెత్తారు, అది ఒప్పుకోవాలి. కానీ అదే బయటిదేశాల్లో పెళ్ళి మాటలప్పుడు ఏం జరుగుతుందో కూడా వాళ్ళే రాసుకుంటున్నారు, లండన్లో పుట్టి పెరిగినవాడు కూడా తోలుపని ఇంటి పిల్ల అని తెలిస్తే తల్లి ఏడ్చింది కాబట్టి వద్దన్నాడని. జెండా నీలమా ఆకుపచ్చా అని అరుచుకునే రెండు పక్షాలూ ఆ అర దగ్గర ఒకటే పక్షం. అక్కా, మీ ముగ్గురు పిల్లలను ఎప్పుడైనా ఇది అడగండి.

పీలేరు_టు_మినియాపొలిస్

@పాకాల_జంక్షన్ తప్పు నాదే. టీకొట్టులో ఆ అర గురించి ఎవరూ బల్ల గుద్దగా నేను వినలేదు, అందుకే నాకు తట్టలేదు. అది కూడా ఒక సమాధానమేనేమో.

మేడమీద_వాటా (తిరుపతి)

నాలుగు రోజుల తర్వాత వస్తున్నా, ఇంట్లో అత్తకు జ్వరం. అందరూ ఇంత రాస్తారనుకోలేదు, మా అమ్మాయి చదివి వినిపించింది.

నిన్న సాయంత్రం బట్టలు తీయడానికి పైకి పోతే హర్గేసా అబ్బాయి ఒక్కడే ఉన్నాడు, సారీ ఆంటీ అన్నాడు ముందే. కూర్చోబెట్టి అడిగాను. వాళ్ళమ్మకు 1988లో తొమ్మిదేళ్ళంట. హర్గేసా నుంచి ఇథియోపియా సరిహద్దు దాకా నడిచారంట, రాత్రుళ్ళు నడక, పగలు చెట్ల కింద, పైన విమానం చప్పుడైతే కదలకుండా పడుకోవడం. హర్తాషేక్ అనే క్యాంపులో మూడేళ్ళున్నారు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో డ్రోన్ కెమెరా ఎగిరితే ఆవిడ లోపలికి పోతుందని చెప్పాడు. నేను ఇంక ఏం చెప్పాలి, కాఫీ ఇచ్చాను. మీ రోజు ఏదో చెప్పు, ఆ రోజు మీ జెండా కేకు చేయిస్తాను అన్నాను. మే 18, జూన్ 26, రెండూ అయిపోయాయి ఆంటీ, వచ్చే ఏడు చూద్దాం, కానీ జెండా మాత్రం వద్దు అన్నాడు. ఎందుకంటే మా జెండా మీద పైన కలిమా, అంటే అల్లా ఒక్కడే అనే మా విశ్వాస వాక్యం, రాసి ఉంటుంది, దాన్ని కేకు మీద పెట్టి కత్తితో ఎట్లా కోస్తాం అన్నాడు. ఫోన్లో చూపించాడు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీలు, తెలుపు మధ్యలో నల్ల నక్షత్రం. ఎవరి జెండాకు ఏముందో బేకరీకి పోయేముందు అడగాలని నాకేం తెలుసు.

పాకాల తమ్ముడు అడగమన్నది కూడా అడిగాను. ముగ్గురూ ఉన్నప్పుడే. ముందు మీ తెగలేంటి అంటే వాళ్ళు నవ్వి తాతల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు, నాన్న, నాన్న నాన్న, ఆయన నాన్న, హర్గేసా వాడు ఆగకుండా పద్దెనిమిది పేర్లు చెప్పాడు, మొగదిషు వాడు పదహారు దగ్గర తడబడితే వీడు ఎగతాళి. చిన్నప్పుడే కంఠతా పట్టిస్తారంట. మా అత్త కింది నుంచి విని 'గోత్రం, ప్రవర చెప్తున్నారా' అంది. ఆ తర్వాత అర సంగతి అడిగాను. నవ్వులు ఆగిపోయాయి. గారిస్సా వాడు మాత్రం, ఆంటీ, మా క్లాసులో ఒక బంటూ అబ్బాయి ఉండేవాడు, వాడు మా ఇంటికి వస్తే మా నానమ్మ టీ వేరే కప్పులో ఇచ్చేది, నేను అప్పుడు అడగలేదు, అని చెప్పి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ ఏం మాట్లాడలేదు. నేనూ రెట్టించలేదు. మా ఇంటి వెనక కూడా పనమ్మాయికి పెట్టిన గ్లాసు ఒకటి మొన్నమొన్నటి దాకా కిటికీ దగ్గర వేరేగా ఉండేది, అది గుర్తొచ్చి దిగి వచ్చేశాను.

కేకు సంగతి అడిగారు కదా ఒకరిద్దరు మెసేజ్‌లో. ఆ అరుపులన్నీ అయ్యాక రాత్రి రెండింటికి మొగదిషు వాడు ఒక ముక్క కోసి, పైనున్న నీలం క్రీమంతా చెంచాతో గీసేసి, ఉత్త కేకు ప్లేట్లో పెట్టి హర్గేసా వాడి మంచం పక్కన పెట్టాడంట. పొద్దునకు ప్లేటు ఖాళీ. గీసిన క్రీము గారిస్సా వాడు తిన్నాడు.

ఇంక ఫారం సీ అడిగిన తమ్ముడికి, పెట్టాను నాయనా, ఆగస్టులోనే పెట్టాను. ముగ్గురికీ ఇంటిపేరు గడిలో ఏం రాయాలో తెలియక గంటసేపు పట్టింది, వాళ్ళకు ఇంటిపేర్లు లేవు, తన పేరు, నాన్న పేరు, తాత పేరు అంతే. హర్గేసా అబ్బాయి పాస్‌పోర్ట్ చూస్తే సోమాలియాదే, నీలం రంగు, అదే నక్షత్రం. మా దేశం పాస్‌పోర్ట్ మీద ఇండియా వీసా ఇవ్వరు ఆంటీ, ఇది లేకపోతే తిరుపతికి రాలేను అని అప్పుడే అన్నాడు, నాకు అప్పుడు అర్థం కాలేదు. జాతీయత గడిలో నేను సోమాలియా అని కొడుతుంటే పక్కనే నిలబడి కిటికీలోంచి కొండ వైపు చూస్తున్నాడు.